మొగ చూపడం

రేపల్లె,
14 అక్టోబరు 1969

మాణిక్యానికి బావ దీవెనలు.

లెక్చరరమ్మకి ఉత్తరం రాయాలంటే భయమేస్తుంది. తప్పులకి ఎర్రసిరా పెట్టి తిరుగుటపాలో పంపించినా పంపిస్తావు. పోయిన వారం తెనాలి వెళ్ళి అమ్మని చూశాను. మీ మేనత్త నీ మీదా నా మీదా కలిపి ఒకటే ఫిర్యాదు: "ఆ పిల్ల రాస్తే ఎకనామిక్సు, నువ్వు రాస్తే రొయ్యలు. నా కీళ్ళనొప్పుల మాట ఒక్కళ్ళూ రాయరు." కనుక ముందే రాసేస్తున్నాను. అమ్మ కీళ్ళనొప్పులు అలాగే ఉన్నాయి. ఇంట్లో ప్రమీల కులాసా.

ఇక రొయ్యలు. నగరం ఊరు దాటి దిగువకి పోతే కొత్తదిబ్బపాలెం ఉందే, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, అక్కడ హాలండు కంపెనీ ఒకటి రేవు కట్టిస్తానంటోంది. మొగలో ఏటా మేట వేసే ఇసుకని తోడటానికి తవ్వోడ తెస్తారట. జెట్టీ, ఐసు ఫ్యాక్టరీ, లాంచీ అన్నీ వాళ్ళ డబ్బే. ఇరవై ఏళ్ళు రేవు వాళ్ళ అజమాయిషీలో ఉంటుంది. మన రొయ్యలు నేరుగా ఓడెక్కుతాయి. హైదరాబాదులో సుముఖంగానే ఉన్నారు. ఇక్కడి వ్యవహారమంతా నా నెత్తిన పెట్టారు. పాలెం వాళ్ళని ఒప్పించాల్సింది నేనే.

పాలెం పెద్ద వీరాస్వామి ఒక్కడూ అడ్డం తిరిగాడు. రేవుకి కాదు. మొగ లోతులు కొలిచి పటం గీస్తామన్నారు చూడు, దానికి. నీకు తెలుసో లేదో, ప్రతి ఏడూ వరదలు తగ్గాక మొగ తన దారి మార్చుకుంటుంది. అప్పుడు వీరాస్వామి పడవలో నిలబడి లోతు చూసుకుంటూ వెదురు గెడలు ఒక వరసలో పాతుతాడు. గెడలకి ఒక పక్క లోతు, రెండో పక్క ఇసుకదిబ్బ. ఏ పక్క ఏదో ఏటేటా అతని ఇష్టం. ఒకరోజు పాలెంలో మగాళ్ళందర్నీ పడవల్లో తీసుకుపోయి నోటితో చెబుతాడు. దాన్ని "మొగ చూపడం" అంటారు. కాగితం మీద రాయకూడదు, మూడోవాడి చేత చెప్పించకూడదు. పూర్వం దొంగ ఓడల భయానికి పెట్టుకున్న కట్టడి కాబోలు.

మన హాలండు ఇంజనీరు దొర అవేవో దారి గుర్తులనుకుని గెడల పక్కనుంచి సొంతంగా పోయాడు. దిబ్బెక్కి కూర్చున్నాడు! పోటు వచ్చేదాకా అక్కడే, టోపీ పెట్టుకుని. గంపలెత్తుకున్న ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి ఒకటే నవ్వు. వీరాస్వామి వెళ్ళి పడవ తోసి, "దొరా, అయ్యి నీకోసం పాతినియ్యి కావు" అన్నాడు. దొరకి తెలుగు రాకపోవడం మంచిదైంది.

నవ్వులకేం గానీ, పని ఆగిపోయింది. వీరాస్వామికి నువ్వంటే గౌరవం. వాళ్ళ అబ్బాయి లక్ష్మయ్యకి విషజ్వరం వచ్చినప్పుడు నువ్వు బాపట్ల ఆసుపత్రిలో చేర్పించావుగా, అది మర్చిపోలేదు. "బాపట్ల అమ్మగారు ఏమంటారో అడగండి బాబూ" అన్నాడు. చదువుకున్నదానివి. ఔనో కాదో ఒక్క ముక్కలో రాసి పంపు.

నీ బావ,
పూర్ణచంద్రరావు


బాపట్ల,
23 అక్టోబరు 1969

బావకు,

ఎర్రసిరా అయిపోయింది, భయపడకు. అత్తయ్యకి నొప్పులకి రాసుకునే తైలం వేరే పంపాను. కాలేజీలో క్వార్టర్లీ పేపర్లు దిద్ది దిద్ది నా మెడ కూడా ఆవిడ కీళ్ళలాగే ఉంది.

ఒక్క ముక్కలో రాయమన్నావు. నాకు చేతకానిది అదొక్కటే అని నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

మూడువందల అరవై ఏళ్ళ కిందట ఇదే హాలండు నుంచి వలందులు వచ్చి ఆ పక్క నిజాంపట్నంలో దిగారు. బట్టలు కొనడానికి వచ్చారు. మంచి ధరే ఇచ్చారట. కరువు వచ్చిన ఏళ్ళలో మనుషుల్ని కూడా కొని ఓడలెక్కించారని చదివాను. ఇది తల్చుకున్నప్పుడు వీరాస్వామి చెప్పిందే రైటనిపిస్తుంది. మళ్ళీ అంతలోనే, ఆ ఓడలు రాకపోతే మన నేతగాళ్ళు ఎవరికి నేసేవాళ్ళు అనిపిస్తుంది. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళని చూస్తున్నాను కదా. ఎక్కడో దేశంలో కొనేవాడు మానుకుంటే ఇక్కడ పొయ్యి ఆరిపోతుంది. అసలు వాడు కొనకపోయి ఉంటే ఆ పొయ్యి వెలిగేదే కాదు. క్లాసులో ఈ రెండూ చెబుతాను. పిల్లలు "ఇంతకీ ఏది రాయమంటారండీ?" అని అడుగుతారు.

మూసిన రేవు రేవు కాదు, వట్టి ఒడ్డు. కనుక నేనైతే వద్దనలేను. అలాగని అవుననీ అనలేను. రేవు తెరవడం వేరు, రేవు లోతు చెప్పడం వేరు. వచ్చే పోయే వాళ్ళకి వాకిలి తీస్తాం, బీరువా తాళాలు ఇవ్వం. నాకు తోచింది రాస్తాను: కట్టనివ్వు, కొననివ్వు. పటం మాత్రం మన దగ్గరే ఉండాలి. వాళ్ళ లాంచీలని లోపలికి తెచ్చేది పాలెం వాళ్ళే అయి ఉండాలి. ముఖ్యంగా, రేపు వాళ్ళు నీళ్ళ మీద గుర్తుకి పీపాలు తేల్చి దారి చూపించినా సరే, వీరాస్వామి ఏటా గెడలు పాతడం మానకూడదు. యంత్రం వచ్చిందని చేతిలో పని వదిలేస్తే, యంత్రం ఆగినరోజు చెయ్యీ ఉండదు.

ఇంత రాశాక కూడా, ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల మీద అనవసరంగా అనుమానపడుతున్నానేమో అని ఉంది. ఆ దొర పాపం టోపీ పెట్టుకుని ఎండలో కూర్చున్నాడంటే జాలేసింది.

మాణిక్యాంబ


రేపల్లె,
9 మార్చి 1970

మాణిక్యానికి,

శుభవార్త. నవంబర్లోనే పాలెం ఒప్పుకుంది, నీ చలవే! పనుల హడావిడిలో రాయడం ఆలస్యమైంది.

గంగమ్మ గుడి ముందు అందర్నీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివాను. "మూసిన రేవు రేవు కాదు, వట్టి ఒడ్డు. కనుక నేనైతే వద్దనలేను" అన్నదాకా గట్టిగా చదివి ఆపాను. ముసలీ ముతకా తలలూపారు. వీరాస్వామి మాత్రం కాగితం వైపు చూస్తూ, "అమ్మగారు అంతేనా రాసింది? ఆ కిందంతా ఏంటి బాబూ?" అన్నాడు. "కిందంతా మా ఇంటి సంగతులయ్యా, మా అమ్మ మోకాళ్ళు" అన్నాను. కోప్పడకు. నువ్వు రెండు పక్కలా రాస్తావు, పని జరగాలంటే ఒక పక్కే చదవాలి.

పటం సంగతి కూడా కంపెనీవాళ్ళతో మాట్లాడాను. ఒక ప్రతి ఇక్కడ ఆఫీసులో ఉంటుంది. ఒకటి వాళ్ళ దేశం పోతుంది. డబ్బు పెట్టేవాడు లోతు తెలియకుండా పెడతాడా? నువ్వే చెప్పు.

తవ్వోడ వచ్చింది. పదిరోజులు రాత్రీపగలూ ఇసుక తోడింది. ఇప్పుడు మొగలో దారి తెనాలి కాలవలా తిన్నగా ఉంది. దారికి అటో వరస ఇటో వరస ఎర్రవీ నల్లవీ ఇనుప పీపాలు తేలుతున్నాయి. వాటి మధ్యనుంచి పసిపిల్లాడైనా పోవచ్చు. రొయ్యకి ఇంత విలువుందని పాలెంలో ఎవరికీ తెలియదు. ఇదివరకు ఎండబెట్టి గంపకెత్తి నగరం సంతలో బేరమాడిన పేరమ్మ ఇప్పుడు షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఒలుస్తోంది. "సంతలో నోరు నొప్పి, ఇక్కడ నడుం నొప్పి" అంటుంది. నోరే నయమట.

లక్ష్మయ్యని లాంచీ డ్రైవరుగా పెట్టుకున్నారు. ఇంజను పని జాన్ సైదా చూస్తాడు. కంపెనీ వాళ్ళు ఖాకీ చొక్కా ఇచ్చారు. అది వేసుకుని తండ్రి ముందు నాలుగుసార్లు తిరిగాడు. వీరాస్వామి వల మీద నుంచి తలెత్తలేదు. లాంచీ మద్రాసు పోయి వచ్చేటప్పుడల్లా మీ సూర్యలంక దగ్గర మంచినీళ్ళకి ఆగుతుంది. వాడి చేత నీకు ఎండురొయ్యలు పంపుతాను. లెక్చరర్లు తినొచ్చుగా?

బావ


బాపట్ల,
30 నవంబరు 1970

బావకు,

మా పిల్లలకి రేవు చూపించినందుకు థాంక్స్. ఇడ్లీలు నలభైమందికి సరిపోలేదని ప్రమీల అక్క బాధపడింది గానీ, వాళ్ళు దారిలో నీ చెరుకు తోటలో దూరి కడుపు నింపుకున్నారు.

లక్ష్మయ్య లాంచీలో మమ్మల్ని మొగదాకా తిప్పాడు. పుష్పలత అని నా స్టూడెంటు ఒకమ్మాయి భయపడి నా చెయ్యి పట్టుకుంటే, "పీపాల మధ్య ఉన్నంతసేపు బస్సులో ఉన్నట్టేనండి" అన్నాడు. నిజమే, బస్సులాగే పోయింది. నాకే సంతోషమేసింది. ఇలాంటి పని మనం మన డబ్బుతో ఎప్పటికి చెయ్యగలిగేవాళ్ళం అనుకున్నాను.

తరవాత వీరాస్వామితో మాట్లాడాను. ఈ ఏడు మొగ చూపలేదట. "ఎవరొస్తారమ్మా? పీపాలుండగా గెడలెందుకంటారు కుర్రోళ్ళు. నా కొడుకే నవ్వాడు" అన్నాడు. నీకు కోపం వచ్చినా అడుగుతాను, నా ఉత్తరం కింది సగం అతనికి ఎందుకు చదవలేదు? చదివినా మానేసేవాడేమో. తెలియదు.

ఆఫీసు గోడ మీద మొగ పటం చూశాను. ఎంత అందంగా గీశారు! మొగ లోతులన్నీ నీలిరంగులో. పాలెం వాళ్ళు ఒక్కళ్ళైనా ఆ గదిలోకి వచ్చి దాన్ని చూశారా అని మీ గుమాస్తాని అడిగితే, "వాళ్ళకి లోపలికి పర్మిషన్ లేదండి" అన్నాడు. ఇంకొకటి కూడా విన్నాను. రొయ్యలు కంపెనీకి అమ్మేవాళ్ళకే ఐసు ఇస్తారట, చీరాల వర్తకుల పడవలు జెట్టీకి కట్టనివ్వరట. మరి తెరిచిన రేవు అంటే ఏంటి బావా? మూసే హక్కు చేతులు మారడమా?

ఇక్కడ బజారులో ఒక పుకారు. కంపెనీ లాంచీలో సుంకం కట్టని నైలాను దారం దిగుతోందని. నేను నమ్మలేదు. నీ చెవిన వెయ్యకుండా ఉండటం మాత్రం సబబు కాదనిపించింది.

ఎండురొయ్యలు బాగున్నాయి. ఇల్లుగలావిడ బ్రాహ్మలావిడ కనుక కిటికీలన్నీ వేసుకుని వండుకుంటున్నాను. రక్షణ ఏర్పాట్లు అంటే ఏమిటో నాకూ తెలుసు.

మాణిక్యం


రేపల్లె,
18 జూలై 1971

మాణిక్యాంబకి,

ఇలాంటి ఉత్తరం నీకు రాస్తాననుకోలేదు.

కిందటి వారం పైనుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. మన తీరం లోతుల పటం పరాయి దేశానికి పంపారనీ, ఇది దేశభద్రతకి ముప్పనీ ఎవరో పెద్దలకి అర్జీ పెట్టారు. తూర్పున బెంగాలులో పరిస్థితి ఇలా ఉంది కనుక విచారణ అయ్యేదాకా ఒప్పందం ఆపమన్నారు. కంపెనీ వాళ్ళు కినిసి ఈ ఏడు తవ్వోడ పంపం అన్నారు. వరదలొస్తే మొగ మళ్ళీ మేట వేసుకుంటుంది. పీపాలు ఒక చోట, దారి ఒక చోట అవుతాయి. షెడ్డులో సగంమందిని మానిపించారు. పేరమ్మ మళ్ళీ గంపెత్తింది.

ఆ గోడ దగ్గర నిలబడి పటాన్ని అంతసేపు చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. నైలాను దారం మాటా నీ ఉత్తరంలోనే మొదట చదివాను, ఇప్పుడు అర్జీలో ఉంది. నీకు సందేహముంటే నన్ను అడగాల్సింది. ఈ రేవు కోసం నా మామిడితోట తాకట్టులో ఉందని నీకు తెలుసు.

పూర్ణచంద్రరావు


బాపట్ల,
24 జూలై 1971

బావకు,

నేను రాయలేదు అని నీకు నేను చెప్పుకోవాల్సి రావడం దగ్గరే మన మాటలు అయిపోయాయి. అత్తయ్యకి తైలం పంపాను.

మాణిక్యాంబ


రేపల్లె,
6 డిసెంబరు 1971

మాణిక్యానికి,

నీతో మాటలు లేవని గుర్తుంది. అయినా రాయక తప్పలేదు. యుద్ధం వచ్చిన మర్నాటి నుంచి ఇక్కడ ఉత్తరాలు విప్పి చూస్తున్నారు. అందుకని ఏదీ వివరంగా రాయలేను.

లాంచీ మద్రాసు నుంచి తిరిగి వస్తోంది. ఎప్పటిలాగే సూర్యలంకలో ఆగుతుంది. లక్ష్మయ్య నీ దగ్గరికి వస్తాడు. నా మనిషి వచ్చేదాకా లాంచీని అక్కడే ఆపు. కారణం అడగొద్దు. టెలిగ్రాం ఇవ్వనివ్వడంలేదు. ఇది అర్జంటు టపాలో వేస్తున్నాను.

బావ


బాపట్ల,
9 డిసెంబరు 1971

బావకు,

నీ మనిషి ఈ ఉదయం వచ్చాడు. వీరాస్వామిని పంపుతున్నానని ఒక్క మాట ఎందుకు రాయలేదు?

మంగళవారం పొద్దున్నే రేపల్లెలో బండెక్కాడట. తెనాలిలో మారాలి కదా, అక్కడ మిలిటరీ బళ్ళు ముందు పోవాలని మామూలు బళ్ళన్నీ ఆపేశారు. ఒకటిన్నర రోజు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. అత్తయ్య ఇల్లు వెతుక్కుని పోతే ఆవిడ అన్నం పెట్టి, "రొయ్యల యుద్ధం అయిపోయి అసలు యుద్ధం వచ్చిందా?" అందట. ఈ మాట చెప్పి నవ్వబోయాడు.

లక్ష్మయ్య నిన్న మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. నీ ఉత్తరం అందిన గంటకి వచ్చాడు, నా దగ్గర కాఫీ తాగాడు, వెళ్ళాడు. నేను ఆపలేకపోయాను. ఎలా జరిగిందో తీరికగా రాస్తాను.

కొడుకు వెళ్ళాడనగానే వీరాస్వామి అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. శనివారం పీపాలన్నీ తీయించేశారనీ, పటం పరాయివాళ్ళ దగ్గరుంది గనుక దారి గుర్తు ఒక్కటీ ఉండకూడదన్నారనీ. పోలీసు సారే పిలిచి, "పెద్దాయనా, నీ పాత గెడలు పాతు, చూద్దాం ఎవడొస్తాడో" అన్నాడట. చెబుతుంటే గొంతులో కొంచెం గర్వం వినబడింది. ఆదివారం పాలెం వాళ్ళకి మొగ చూపాడు. చూడనివాడు లాంచీ మీదున్న కొడుకు ఒక్కడే. ఏ పక్కో రాసి పంపమని నువ్వడిగితే, మొగ కాగితం మీద పెట్టను, నేనే పోయి నా నోటితో చెబుతానన్నాడట.

"ఈపాటికి చేరిపోయుంటాడండి. నలుగురూ చూసి సైగ చేసుంటారు" అని నాకే ధైర్యం చెప్పి, మంచినీళ్ళు తాగి, పదకొండు గంటల బండికి వెళ్ళాడు. స్టేషనుదాకా వెళ్ళాను. బండి కదిలేటప్పుడు, "మావాడు ఏమన్నా అన్నాడా అమ్మా, పోతా పోతా?" అని అడిగాడు. బండి శబ్దంలో వినబడనట్టు ఊరుకున్నాను.

వెంటనే జవాబు రాయి. ఒక్క ముక్క చాలు.

మాణిక్యం


రేపల్లె,
12 డిసెంబరు 1971

మాణిక్యం,

లక్ష్మయ్య పోయాడు. అతనితో లాంచీలో ఉన్న మరో ఇద్దరూ పోయారు. జాన్ సైదా ఒక్కడు లాంచీలోని డీజిలు పీపా పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

బుధవారం సాయంత్రం. ఎండ ఇంకా ఉంది. పొద్దుగూకాక సముద్రం మీద ఏ పడవ కనబడినా కాలుస్తామని ఉత్తరువు కనుక బయటే ఆగి తెల్లారేదాకా ఉండటానికి లేదు. సైదా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మొగ ముందుకొచ్చాక పీపాలు కనబడలేదు. గెడలు కనబడ్డాయి. లక్ష్మయ్య ఇంజను తగ్గించమని, కాసేపు వాటినే చూశాడు. "అయ్య పాతాడ్రా" అని సంతోషపడ్డాడు. ఏ పక్కరా అని సైదా అడిగితే, "మా అయ్యది కుడిచేతి వాటం. నా చిన్నప్పట్నుంచీ ఎక్కువ ఏళ్ళు లోతు కుడిపక్కే పెట్టాడు" అని కుడికి తిప్పాడు.

ఒడ్డున పాలెమంతా ఉంది. వద్దు వద్దని చేతులూపారు, చీరకొంగులూపారు. వాడు తిరిగి చెయ్యి ఊపాడట. మొగ హోరులో అరుపులు వినబడవు. పడవ దింపబోతే కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు, ఉత్తరువు లేదని. దిబ్బకి తగిలి లాంచీ ఒరిగింది. కెరటాలు మిగిలిన పని చేశాయి. లక్ష్మయ్య భార్య పేరంటాలుకి ఏడో నెల. ఆ అమ్మాయి ఒడ్డున అందరికంటే ముందుంది.

వీరాస్వామికి రేపల్లె స్టేషనులో నేనే చెప్పాను. విని, "ఈ ఏడు ఎడమ పెట్టానండి" అన్నాడు. "మనోణ్ణొకణ్ణి పట్టుకుని శత్రువు అడిగినా చెప్పలేకుండా పాతమన్నాడు పోలీసు సారు. నన్నెరిగినోడు కూడా మోసపోవాలనే పాతానండి."

ఇంకొకటి నీకు చెప్పాలి. ఆ అర్జీ పెట్టింది వీరాస్వామే. కోర్టు ముందు కూర్చునే రైటరు చేత రాయించాడట. నైలాను దారం సంగతి ఆ రైటరు బజారులో విని కలిపాడు. స్టేషను నుంచి పాలెం దాకా బండిలో వస్తుంటే వీరాస్వామే చెప్పాడు. నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకునే మొహం నాకు లేదు. పటం ఇవ్వొద్దన్నందుకు అతన్నీ తప్పుపట్టలేను. అర్జీ పెట్టకపోతే తవ్వోడ వచ్చేది, దారి తిన్నగా ఉండేది. నేను పటం ఇవ్వకపోయుంటే పీపాలు తీసే పనే పడేది కాదు. ఎక్కడ మొదలుపెట్టి తిట్టుకోవాలో తెలియడంలేదు.

బావ


రేపల్లె,
20 జనవరి 1972

మాణిక్యానికి,

జవాబు లేదు. అమ్మకి కూడా రాయడంలేదట. అమ్మ బెంగపెట్టుకుంది.

యుద్ధం అయిపోయింది కదా, కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. విచారణలో ఏమీ తేలలేదు. కొత్త ఒప్పందం తెచ్చారు. తవ్వోడ, పీపాలు, అన్నీ ఎప్పటిలాగే. ఈసారి పటం ప్రభుత్వం దగ్గరా వాళ్ళ దగ్గరా మాత్రమే ఉంటుంది, మూడోవాళ్ళు చూడకూడదని షరతు. పాలెం తరపున నన్నూ వీరాస్వామినీ సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే ఐసు ఫ్యాక్టరీ ఎత్తేస్తారు. షెడ్డు మీద బతికే ఇళ్ళు ఎన్నో నీకు తెలుసు.

వీరాస్వామి వేలిముద్ర వేస్తాననీ అనడు, వెయ్యననీ అనడు. ఎప్పుడడిగినా ఒకటే మాట. "బాపట్లలో మావాడు ఏమన్నాడో అమ్మగార్ని అడిగి చెప్పండి బాబూ. తరవాత మీరెక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తా." అడగడం నాకు ఇష్టంలేదు. అతను రోజూ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంటున్నాడు.

బావ


బాపట్ల,
27 జనవరి 1972

బావకు,

ఇన్నాళ్ళూ రాయకపోవడం కోపంతో కాదు. కూర్చుని రాయడం మొదలుపెట్టి, "ఒక పక్క చూస్తే" అని రాసి, చింపేసేదాన్ని.

జరిగింది ఇది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కారణం అడగొద్దు అన్నావు. అంతకుముందు మన మధ్య జరిగింది నీకు తెలుసు. లాంచీలో ఏదో సరుకుంది, దాన్ని దాచడానికి మనిషిని పంపుతున్నాడు కాబోలు అనుకున్నాను. నమ్మానని కాదు. నమ్మలేదనీ కాదు. ఆ మధ్యలో ఉండగా లక్ష్మయ్య వచ్చాడు.

"మీ సారు లాంచీని ఇక్కడే ఆపమన్నారు. ఎందుకో రాయలేదు" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. "సరుకు మీద అనుమానమా అండీ? రండి, చూడండి. ఇంజను సామానూ, మా ఆడమనిషికి చీరా, అంతే" అన్నాడు. తప్పుచేశాననిపించింది. "అది కాదు నాయనా" అన్నాను. ఏది కాదో నాకూ తెలియదు. కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించాడు. "పొద్దుగూకేలోపు మొగ దాటాలండి. ఇంటి దగ్గర అది కంగారు పడుతుంది. అయినా మీరు ఆగమంటే ఆగుతానండి" అన్నాడు.

ఆ మాటే అన్నాడు బావా. మీ సారు ఆపమంటే అనలేదు. మీరు ఆగమంటే అన్నాడు.

నేను, "నేనెలా చెప్పను? ఆగితే మంచిదేమో. వెళ్ళడమూ మంచిదేనేమో. నీ ఇష్టం నాయనా" అన్నాను. వాడు దండం పెట్టి వెళ్ళాడు.

నా అనుమానం ఎప్పుడూ ఎదుటివాడి చేతిలో ఒప్పుకోలు అయిపోతుంది. గంగమ్మ గుడి ముందు అయింది. నా వాకిట్లోనూ అయింది. రెండువైపులా చూడటం వివేకమని ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. చెప్పడం తప్పు కాదేమో. కానీ పడవ ఎదురుగా ఉన్నప్పుడు రెండువైపులు ఉండవు. నీ ఉత్తరం మీద నాకున్న అనుమానం నిజమైనా కూడా, ఒక రోజు ఆగితే వాడికి పోయేదేమీ లేదు. ఆ చిన్న లెక్క నాకు తట్టలేదు.

ఇక సంతకం. నువ్వు అడక్కుండానే చెబుతున్నాను. ఆ షరతు మీద పెట్టకండి. రేవు కట్టనివ్వు, తవ్వోడ రానివ్వు. పటం మాత్రం పాలెంలో అందరూ చూసే చోట గోడకి ఉండాలి, దారి మారిన ప్రతిసారీ మార్చి పెట్టాలి. రహస్యమంటారు గానీ, మొగ లోతు హాలండు ఆఫీసులో ఉంది, పోలీసు ఫైలులో ఉంది, వీరాస్వామి మనసులో ఉంది. లేనిది లక్ష్మయ్య దగ్గరే. పరాయివాడికి తెలియకూడదని దాచింది మనవాడికీ తెలియకపోతే అది కాపలా కాదు. దీనివల్ల వాళ్ళు ఐసు ఫ్యాక్టరీ ఎత్తేస్తే పేరమ్మకి మళ్ళీ గంపే గతి. అదీ తెలిసే రాస్తున్నాను. ఈసారి ఎక్కడా ఆపకుండా మొత్తం చదివి వినిపించు.

లక్ష్మయ్య ఏమన్నాడన్నది మాత్రం చదవకు. "మీ గురించే అడిగాడు, నవ్వుతూ వెళ్ళాడు" అని నన్ను చెప్పమంటావని తెలుసు. నువ్వు దయగలవాడివి. కొడుకు ఆగడానికి సిద్ధంగా ఉన్నాడన్న మాట అతనికి తెలియడం మంచిదో, తెలియకపోవడం మంచిదో, నెలన్నరగా ఆలోచించాను. ఇక ఆలోచించను. వాడు అన్నది అన్నట్టు నేనే వచ్చి నా నోటితో చెబుతాను.

ఆదివారం మొదటి బండికి బయల్దేరి, తెనాలిలో అత్తయ్య దగ్గర కూడా దిగకుండా నేరుగా వస్తున్నాను. స్టేషనుకి ఎవర్నీ పంపకు. వీరాస్వామిని ఆఫీసు మెట్ల మీద ఉండమను.

మాణిక్యం